గిరాకీమనోరంజని: ఒక కొట్లాట బొమ్మకు టీకా తాత్పర్యం

అవతారిక

కోలాచల మల్లినాథ సూరి భారవి కిరాతార్జునీయానికి ‘ఘంటాపథం’ అని వ్యాఖ్య రాశాడు. భారవి మాట కొబ్బరికాయ లాంటిదనీ, పగలగొట్టి లోపలి రుచి రసికులకు అందిస్తాననీ చెప్పుకున్నాడు. ఆయనది మెతుకు సీమ, మాది ఒంగోలు సీమ. ఆయనకు శివుడికీ అర్జునుడికీ జరిగిన పోరు దొరికింది, నాకు వాట్సాప్‌లో వచ్చిన ఒక ఆర్డరు దొరికింది. పగలగొట్టడంలో మాత్రం నేను తక్కువ తినలేదు.

మా మేనల్లుడు కొత్తపట్నంలో ఇంటి దగ్గరే కూర్చుని ట్యాబ్ మీద బొమ్మలు వేసి అమ్ముతాడు. ఆన్‌లైన్ ఆటల్లో ఎవరి వీరుణ్ణి వాళ్లు కల్పించుకుంటారు గదా. పేరు పెడతారు, వంశం పెడతారు, కత్తికి కూడా పేరు పెడతారు. ఆ వీరుడు కంటికి కనిపించాలంటే మా వాడి లాంటివాళ్లకు డబ్బిచ్చి గీయించుకుంటారు. ఊరికే నిలబడిన బొమ్మకు ఒక రేటు, పోట్లాడే బొమ్మకు ఒక రేటు. ఆ మధ్య హైదరాబాదులో ఉద్యోగం చేసే ఒక కుర్రాడు ఆర్డరు పెట్టాడు. అతని సొంతూరూ ఇదే. ‘అన్నా, నా క్యారెక్టర్ ఫైట్ చేస్తా ఉండాల, మన బీచ్ కాడ’ అని మొదలుపెట్టి, కోడి కూసేదాకా ముక్కలు ముక్కలుగా పంపిన కోరికలను నేను ఒక ఆటవెలదిలో ఇమిడ్చాను. భావం అతనిది, యతి నాది. వ్యాఖ్యకు పేరు ‘గిరాకీమనోరంజని’. గిరాకీ మనసు రంజిల్లిందా లేదా అన్నది చివర తేలుతుంది.

మూలం

కత్తి గాలిలోన కదలాడ వలయును
మోము తెలియవలెను ముద్దుగాను
కురులు చెదరవలెను ఘోరసముద్రమ్ము
పొంగవలెను ధరలు పొంగరాదు

ప్రతిపదార్థం

కత్తి = ఖడ్గము (రెండు ఖడ్గములని తరువాతి మెసేజిలో తేలినది); గాలిలోన = ఎవరికిని తగులని చోట; కదలాడ వలయును = కదలుచుండవలెను (బొమ్మ కదలదని గిరాకీ ఎరుగనివాడు కాడు); మోము = ముఖము, అనగా పాత్ర ముఖముగా మారిన గిరాకీ ముఖము; తెలియవలెను = చూచినంతనే స్నేహితులకు ఆనవాలు దొరకవలెను; ముద్దుగాను = అందముగా, కోపములోను అందముగా; కురులు = తలవెండ్రుకలు, గిరాకీకి పలుచబడి పాత్రకు ఒత్తుగా ఉన్నవి; చెదరవలెను = నలుదిక్కుల ఎగురవలెను, మొగము మీద మాత్రము పడరాదు; ఘోరసముద్రమ్ము = భయంకరమైన కొత్తపట్నము సముద్రము; పొంగవలెను = తాటిచెట్టంత లేవవలెను; ధరలు = మొదట మాట్లాడుకొన్న రేటు; పొంగరాదు = దాని జోలికి పోరాదు.

అధ్యాహారం

పద్యం మళ్లీ ఒకసారి చదవండి. కత్తి ఉంది, మొగం ఉంది, జుట్టు ఉంది, సముద్రం ఉంది, ధర ఉంది. కొట్టించుకునేవాడు లేడు.

ఇది కవి లోపం కాదు, లోకరీతి. పోట్లాట బొమ్మ చెప్పేవాళ్లు తమ వీరుడి బెల్టు బకిలు రంగు దాకా చెబుతారు, శత్రువును మరచిపోతారు. మూలంలో లేని పదాన్ని బయటినుంచి తెచ్చి అర్థం పూరించుకోవడానికి వ్యాఖ్యాతలు అధ్యాహారం అని పేరు పెట్టుకున్నారు. వ్యాఖ్యాతకు దానివల్ల పైసా ఖర్చు లేదు. గీసేవాడికి రెండో ఆకారమంటే రెండో శరీరం, రెండో నీడ, ఇంకో రెండు రాత్రుల జాగారం. అందుకే ఈ పనిలో ఉన్న ఎవరి రేట్ల పట్టిక చూసినా ‘అదనపు పాత్ర’కు వేరే గడి ఉంటుంది. మేనల్లుడు అడిగాడు: ‘ఎవరితో ఫైటు?’ జవాబు: ‘ఎవడో ఒకడు లే అన్నా, రాక్షసుడు మాదిరి.’ ఎవడో ఒకడు ఊరికే రాడని అతనికి తోచలేదు.

శత్రువు లేని పోరు వ్యాయామం కిందికి వస్తుంది. లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద 16వ శతాబ్దపు చిత్రకారులు కిరాతార్జునీయం గీశారు. అక్కడ పంది లేకపోతే కథే లేదు. ఒకే పందికి రెండు బాణాలు తగిలాయి, పంది నాదంటే నాదని తగువు పుట్టింది, తగువు ముదిరి పాశుపతం దాకా పోయింది. చూసేవాడికి ఇద్దరి మధ్య ఒక కారణం కనపడాలి. చాలా రాయబారాల తరువాత మా బొమ్మకు సముద్రంలోంచి లేచే మకరం ఖాయమైంది. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లూ వాటికి ‘చిత్ర’ వేసిన బొమ్మలూ చూస్తూ పెరిగిన నాకు ఇది సంతోషం. దాని తాలూకు రేటు విషయం ప్రస్తుతం పక్కన పెడదాం.

అన్వయం

పద్యంలో మాటలు యతి కోసం చెల్లాచెదురై ఉంటాయి. వాటిని వాక్యంగా కూర్చడం అన్వయం. నా లెక్కలో ఈ వ్యాఖ్యకంతా ప్రాణం ఇక్కడే ఉంది.

మూలంలో కదలాడాలి, తెలియాలి, చెదరాలి, పొంగాలి అని క్రియలు. అన్నీ ముగించే క్రియలే, ప్రతిదీ ఒక పెత్తందారే. ఇలాగే బొమ్మ గీస్తే కత్తి ఒక పక్క, కెరటం ఒక పక్క, జుట్టు ఒక పక్క, మొగం ఒక పక్క నన్ను చూడంటే నన్ను చూడంటాయి. అన్నీ కదిలితే ఏదీ కదలనట్టే ఉంటుంది. మేనల్లుడి మొదటి రఫ్ బొమ్మ అచ్చం అలాగే వచ్చింది. సంత జరుగుతోందో యుద్ధం జరుగుతోందో నాకు తెలియలేదు.

తెలుగు వాక్యం సంగతి వేరు. లేచి, తిరిగి, ఊపుతూ, అరుస్తూ అని ఎన్ని పనులైనా వరసపెట్టుకోవచ్చు, ముగించే క్రియ మాత్రం ఒకటే. మిగిలినవన్నీ అసమాపకాలై దానికి ఊడిగం చేస్తాయి. కొట్లాట బొమ్మకూ ఇదే వ్యాకరణం. కనుక అన్వయం ఇట్లుండవలెను: ‘ఘోరసముద్రము పొంగుచుండగా, కురులు చెదరుచుండగా, మోము తెలియునట్లు తిరిగి, కత్తినెత్తి, [వీరుడు మకరముపైకి] దూకుచున్నాడు.’ దూకడం ఒక్కటే సమాపకం. కెరటం, జుట్టు, బట్ట, ఇసుక అన్నీ ఆ దూకుడు వైపే ఒరగాలి.

దూకు అనే క్రియ పద్యంలో ఎక్కడుందని అడగవచ్చు. లేదు. అదీ అధ్యాహారమే. గిరాకీ అన్నీ చెప్పి, వీరుడు ఏం చేస్తున్నాడో చెప్పలేదు.

వ్యాఖ్య: ‘కత్తి గాలిలోన’

గాలిలోన అన్న మాట గిరాకీ తెలిసి వాడాడో తెలియక వాడాడో గాని, శాస్త్రసమ్మతం. కత్తి ఒంటికి తగిలిన క్షణాన్ని గీస్తే బొమ్మ చచ్చిపోతుంది. తగలగానే వేగం ఆగిపోతుంది, ఇక జరగవలసింది ఏమీ లేదు. తగలక ముందు, చెయ్యి వెనక్కి పోయి, నడుం మెలితిరిగి, బరువంతా వెనక కాలి మీద ఉన్నప్పుడు చూసేవాడే మిగతా దెబ్బను మనసులో పూర్తి చేస్తాడు. డిస్నీ స్టూడియోలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో బొమ్మల కదలికకు 12 సూత్రాలు చెప్పారు. కదలికకు ముందు దాని ఎదురు దిక్కుకు ఒళ్లు ఉపక్రమించడం అందులో ఒకటి. ముందుకు దూకాలంటే ముందు వెనక్కి తగ్గాలన్నమాట.

ఈ సూత్రం తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కరలేదు. సంక్రాంతికి చట్టం కళ్లుగప్పి జరిగే కోడిపందెం చూసినవాడు చెబుతాడు. రెండు పుంజులూ మెడలు నేలకు దించి, మెడ ఈకలు విప్పి, ముక్కుకు ముక్కు ఆనేంత దగ్గర ఎదురెదురుగా ఆగే క్షణం ఒకటుంటుంది. జనం అప్పుడే ఊపిరి బిగపడతారు. ఆపైన కనిపించేవి ఈకలూ దుమ్మే. కుక్కుట శాస్త్రం ఏ వారం ఏ రంగు పుంజు గెలుస్తుందో చెబుతుంది గాని ఈ క్షణం గురించి చెప్పదు, అది చిత్రకారులకు వదిలేసింది. కోళ్లపోరు నుంచే పల్నాటి యుద్ధం దాకా వచ్చిందని చెప్పుకునే ప్రాంతం మనది. కారెంపూడిలో ఏటా కార్తీకంలో వీరుల ఆయుధాలకు ఇప్పటికీ పూజలు జరుగుతాయి. కొట్లాట బొమ్మకు మనకు గురువుల కొరవ లేదు.

ఇక ‘కదలాడ’. నిజంగా కదిలేది ఎలా ఉంటుందో అలా గీస్తే కదిలినట్టుండదు. దీనికి సాక్ష్యం గుర్రం. 1821లో ఫ్రెంచి చిత్రకారుడు జెరికో ఎప్సమ్ పందెం బొమ్మలో గుర్రాల కాళ్లను ముందుకూ వెనక్కూ బారచాపి గాలిలో గీశాడు. 1878లో కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఫొటోగ్రాఫర్ కెమెరాలు వరసగా పెట్టి ఫొటోలు తీస్తే, నాలుగు కాళ్లూ నేల విడిచినప్పుడు అవి కడుపు కింద ముడుచుకుని ఉన్నాయని తేలింది. ఫొటో నిజం. పరుగు మాత్రం జెరికో గుర్రాలదే. మా వాడు కత్తి వంపును నిజం కన్నా కాస్త పెంచి గీస్తే గిరాకీ ‘కత్తి వంకర పోయింది అన్నా’ అన్నాడు. అది వంకర కాదు, వేగం.

మడమ నుంచి కత్తి కొన దాకా ఒక్కటే వంపు గీత నడవాలంటారు. లైన్ ఆఫ్ యాక్షన్ అని దాని పేరు. ముందు ఆ గీత, ఆ తరువాతే ఎముకలు, కండలు, నగలు. ఇది నేర్చుకోవాలంటే మా వైపు రెండు చోట్లకు పోవాలి. ఒకటి ఎడ్ల బండలాగుడు పందెం. ఒంగోలు గిత్త బండను కదిలించే క్షణంలో వెనక గిట్ట నుంచి కాడి దాకా ఒళ్లంతా ఒక్క గీతైపోతుంది. మూపురం కూడా ఆ గీతలోకే ఒరుగుతుంది. రెండోది మా రేవు. ఒడ్డున నిలబడి పెద్ద వల లాగే మనుషులు తాడుకు ఎదురుగా వెనక్కి వాలి, మడమలు ఇసుకలో దించి ఉంటారు. వాళ్లలో ఎవరూ నిటారుగా నిలబడరు. నిటారుగా నిలబడినవాడు లాగడం లేదని అర్థం. మొదటి రఫ్‌లో వీరుడు నిటారుగా ఉన్నాడు. రెండోది గీసేముందు మా వాడు రేవుకు పోయి కూర్చున్నాడు.

కత్తిని చూసేవాడి కళ్లలోకి గురిపెట్టే పద్ధతి కూడా ఉంది. చెయ్యి పొట్టిగా, పిడికిలి తలకాయంత, కత్తి కొన చుక్కంత కనపడుతుంది. బాగా కుదిరితే బొమ్మ చూసేవాడు తల వెనక్కి తీసుకుంటాడు. ఇది పంపితే వచ్చిన జవాబు: ‘అన్నా, కత్తి చిన్నదైపోయింది. దానికి పేరు కూడా పెట్టినా గదా.’ పేరున్న కత్తిని పొడుగ్గా, అడ్డంగా చూపించాలని ఇక్కడ న్యాయం.

‘మోము తెలియవలెను ముద్దుగాను’

ఈ పద్యంలో అసలు యుద్ధం ఇదీ. మోముకూ కదలికకూ పడదు. శత్రువు వైపు తిరిగితే మొగం పక్కకు పోతుంది, మన వైపు తిరిగితే పోట్లాట ఆగిపోయి ఫొటోకు నిలబడినట్టుంటుంది. మకరం కాలు కరుస్తుంటే కెమెరా వైపు చూసే వీరుణ్ణి ఎవరు నమ్ముతారు? ముప్పాతిక మొగం చూపించి, చూపు మాత్రం మకరం కంట్లో నాటడం మధ్యేమార్గం. కనుగుడ్డు ఒక్క వెంట్రుకవాసి ఇటు జరిగినా బొమ్మ స్టూడియో ఫొటో అయిపోతుంది.

పూర్వపక్షం: మొగం తెలియకపోతే నా పాత్ర అని ఎలా తెలుస్తుంది?

సిద్ధాంతం: తోలుబొమ్మలాట చూడండి. నిమ్మలకుంట కళాకారులు తోలు మీద మొగాన్ని ఎక్కువగా పక్కచూపుగానే చెక్కుతారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెర వెనక దీపం వెలిగాక బొమ్మ అంచు ఆకారమే కథ చెబుతుంది, భుజాలూ మోచేతులూ విడివిడిగా అతికించి ఉండడం వల్ల కొట్లాట కళ్లకు కడుతుంది. హనుమంతుడు తెర మీదికి రాగానే పిల్లవాడు కూడా పేరు చెబుతాడు, కనుముక్కు తీరు చూసి కాదు. ట్యాబ్ మీద గీసేవాళ్లు కూడా బొమ్మనంతా నల్లగా నింపి చూసుకుంటారు. నల్లటి ముద్దలో చెయ్యేదో కత్తేదో తెలియకపోతే ఆ పోజు పనికిరాదు. చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుడికి అదే బలం. భుజాన శవం, చేత కత్తి, శ్మశానంలో నడక. మొగం మూసిపెట్టినా తెలుగు పాఠకుడు పోల్చుకుంటాడు. కె.సి. శివశంకర్ అసలు పేరు. 1950లలో చందమామలో చేరి దశాబ్దాలు అదే రాజును అదే చెట్టు దగ్గరికి నడిపించాడు. పద్మశ్రీ 2021లో, ఆయన పోయాక ప్రకటించారు.

‘ముద్దుగాను’ అన్నదానికి రసచర్చ అవసరం. వీరానికి స్థాయి ఉత్సాహం, రౌద్రానికి స్థాయి క్రోధం. నాట్యశాస్త్రం రౌద్రానికి ఎరుపు రంగు, వీరానికి గౌరవర్ణం చెప్పింది. ముద్దుగా ఉండాలంటే రౌద్రం కుదరదు, ముక్కుపుటాలు విప్పుకుని పళ్లు కొరికేవాడు ముద్దుగా ఉండడు. కనుక వీరుడికి వీరమే, వెలుగు రంగే. గిరాకీ బొమ్మంతా ఎరుపు పులమమన్నాడు. ఫిబ్రవరి, మార్చిలో గుంటూరు దారిలో మిరప కల్లాలు చూసినవాడికి ఎరుపు ఎంత పెత్తనం చేస్తుందో తెలుసు. ఎకరం కల్లం పక్కన నిలబడ్డ మనిషి కంటికి ఆనడు. అందుకని మా వాడు ఎరుపును మకరం నోటి లోపలికి మాత్రమే కేటాయించాడు. చూపు మొదట అక్కడికి పోతుంది, అక్కడినుంచి కత్తి పట్టుకుని వీరుడి మొగం దాకా వస్తుంది. ఈ ఏర్పాటును నేను బొమ్మ మొత్తంలో గొప్ప పనిగా లెక్కిస్తాను, గిరాకీ గమనించలేదు.

‘కురులు చెదరవలెను’

దీనికి పెద్ద వ్యాఖ్య అక్కరలేదు గాని ఒక శాస్త్రవిరోధం ఉంది. గిరాకీ వీరుడి వెనక సముద్రంలో సూర్యుడు అస్తమించాలన్నాడు. మనది తూర్పు తీరం. కొత్తపట్నంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని అందులో మునగడు, మునగాలంటే గోవా పోవాలి. సరే, ఉదయం అనుకుందాం. తెల్లవారుజామున గాలి నేల మీదినుంచి సముద్రం వైపు వీస్తుంది. సముద్రం వైపు దూకే వీరుడి జుట్టు ఆ గాలికి మొగం మీద పడుతుంది, మోము తెలియదు. పొద్దెక్కాక సముద్రపు గాలి తిరిగి జుట్టు వెనక్కి పోతుంది గాని ఉదయపు రంగులు పోతాయి. పరిష్కారం తుఫాను. తుఫానులో ఏ దిక్కు గాలైనా చెల్లుతుంది, రేట్ల పట్టికలో తుఫానుకు విడిగా గడి లేదు.

‘ఘోరసముద్రమ్ము పొంగవలెను’

కెరటాన్ని పెద్దదిగా చూపాలంటే దాన్ని పెద్దదిగా గీస్తే చాలదు. దాని కింద చిన్నది ఒకటి పెట్టాలి. జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ 1831 ప్రాంతంలో వేసిన కనగావా కెరటంలో ఫుజి పర్వతం అంతటిది నీటి మడత కింద చిన్న గుట్టలా కనపడుతుంది. పడవల్లో మనుషులు తలలు వంచుకుని ఉంటారు. కెరటం ఇంకా విరగలేదు. కోడిపందెంలో చెప్పిన క్షణమే ఇది కూడా. మా వాడు కెరటం కింద దూరాన సరుగుడు తోట వరసను వేలెడంత పెట్టాడు, ఒక తెప్పను సగం తిరగేశాడు.

దిగంతరేఖను కాస్త ఒరిగించాడు కూడా. సముద్రపు గీత తిన్నగా ఉంటే మనసు కుదుటపడుతుంది, పోట్లాటలో అది కుదుటపడకూడదు. గిరాకీ దీనికి ‘సముద్రం పక్కకు కారిపోతుంది అన్నా’ అన్నాడు. ఒరిగిన గీతే గెలిచింది, మా వాడు మొండివాడు గనక.

ఇంతకూ కొత్తపట్నం సముద్రం ఘోరమైనదేమీ కాదు. కార్తీకంలో స్నానాలకు వస్తారు, ఆదివారం ఒంగోలు నుంచి పిల్లాజెల్లాతో వస్తారు. ఈ ఊరు నిజంగా పెనుగులాట చూసింది 1937లో. ఇక్కడ వేసవి రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించింది, యువకులు నిషేధాన్ని లెక్కచెయ్యలేదు. కత్తి లేదు, మకరం లేదు. ఆ పోరుకు బొమ్మ వేయమని మా మేనల్లుణ్ణి ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడిగితే రేటు తగ్గిస్తానంటున్నాడు.

ధ్వని

చెప్పకుండా చెప్పేది ధ్వని. దెబ్బ ఎంత గట్టిదో కత్తిలో కనపడదు, చుట్టూ ఉన్నవాటిలో కనపడుతుంది. ఈ సంగతి మన కృష్ణ ఒడ్డు శిల్పులకు శాతవాహనుల నాడే తెలుసు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి స్తూపం నుంచి పోయిన ఒక గుండ్రటి పలక ఉంది. నలగిరి అనే మదపుటేనుగు కథ అందులో చెక్కారు. ఒక పక్క ఏనుగు వీధిలో పడి మనుషుల్ని తొక్కుతుంది. అదే ఏనుగు ఇంకో పక్క బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. ఒకే చక్రంలో ఒకే జంతువు రెండుసార్లు. (అదనపు పాత్ర రేటును ఆ శిల్పుల శ్రేణి ఎవరిని అడిగిందో!) ఏనుగు కన్నా నన్ను ఎక్కువ సేపు నిలబెట్టింది చుట్టూ ఉన్న జనం. పక్కవాళ్లను పట్టుకుని వెనక్కి ముడుచుకుపోయేవాళ్లున్నారు, కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్లున్నారు. వాళ్ల ఒళ్ల వంపులను బట్టే ఏనుగు ఎంత వేగంగా వచ్చిందో తెలుస్తుంది. ఏనుగును వేలితో మూసి చూసినా భయం మిగులుతుంది.

జనాన్ని పెడితే ఒక్కొక్కరూ అదనపు పాత్ర అవుతారు గనక మా వాడు ఎండ్రకాయలను పెట్టాడు. వీరుడి పాదం దిగబోయే చోటు నుంచి అవి నాలుగు దిక్కులా పరుగెత్తుతుంటాయి. పాదం ఇంకా దిగలేదు. బొమ్మలో అన్నిటికన్నా నిజంగా కదిలేవి అవే అని నా తీర్పు. గిరాకీ కూడా వాటిని చూసి నవ్వుముఖం ఒకటి పంపాడు.

పాఠాంతరాలు

‘కత్తి’ అన్నచోట ‘కత్తులు’ అని ఒక ప్రతి, ‘గొడ్డలి’ అని ఇంకో ప్రతి. ‘ముద్దుగాను’కు ‘మాస్‌గాను’ అని పాఠాంతరం ఉంది, యతీ చెడుతుంది, రసమూ చెడుతుంది. ‘ఫైనల్’, ‘ఫైనల్ రెండు’, ‘అసలు ఫైనల్’ అని మూడు తాళపత్రాలు మేనల్లుడి ఫోల్డరులో ఉన్నాయి. రఫ్ దశలో పోజు మార్చమంటే పూటలో మారుతుంది. రంగులు పడ్డాక మార్చమంటే పద్యం మొత్తం మళ్లీ రాయాలి. ‘ఇదొక్కటే చిన్న ఛేంజ్ అన్నా, తల ఇటు తిప్పు’ అన్నది రంగులు పడ్డాక వచ్చిన పాఠం. తల తిప్పితే మెడ తిరగాలి, మెడ తిరిగితే భుజం తిరగాలి, మడమ నుంచి వచ్చిన గీత అక్కడే తెగుతుంది. ఇది ప్రక్షిప్తమని వ్యాఖ్యాత తోసిపుచ్చాడు, మా వాడు తోసిపుచ్చలేక తల తిప్పాడు.

భారవి 15వ సర్గలో యుద్ధం మధ్యలో దాదాపు ఒక్క ‘న’కారంతోనే ఒక శ్లోకం కట్టాడు. అంతటివాడు కూడా దాన్ని ఒకసారే కట్టాడు. ‘న తీసేసి మ పెట్టు’ అని ఎవరూ మెసేజి పెట్టలేదు.

‘ధరలు పొంగరాదు’

సముద్రం పొంగాలి, ధర పొంగకూడదు అనడంలో చమత్కారం ఉంది గనక పద్యంగా ఇది నాకు నచ్చిన పాదం. లెక్కగా నచ్చలేదు. మకరం అధ్యాహారం కాబట్టి దానికి వేరే డబ్బు లేదని గిరాకీ వాదన: నేను చెప్పలేదు, మీరే తెచ్చుకున్నారు. తర్కశాస్త్రం చదవని కుర్రాడు ఇంత మాట అన్నందుకు మెచ్చుకోవలసిందే. మకరాన్ని తీసేసి పంపమని నేను సలహా ఇచ్చాను. అప్పుడు వీరుడు తుఫానులో రెండు కత్తులతో ఎండ్రకాయల మీదికి దూకుతున్నట్టు వచ్చింది. ఆ ప్రతి కూడా పంపాం. అరగంటలో ఫోను వచ్చింది: ‘అన్నా, మకరాన్ని పెట్టు, డబ్బులు మాట్లాడుకుందాం.’

మకరం తిరిగి వచ్చింది. బొమ్మ ఇప్పుడు అతని ఫోను తెర మీదా, స్నేహితుల గుంపులో ప్రొఫైల్ గానూ ఉంది. అసలు బొమ్మకు డబ్బు అందింది, మకరానికి రావలసింది రాలేదు. ఈ వ్యాఖ్య చదివే గిరాకీలందరికీ మనవి: కొట్లాట బొమ్మ చెప్పేముందు మీ వీరుడు ఏం చేస్తున్నాడో ఒక్క క్రియలో రాసి పంపండి, ఎవరితో చేస్తున్నాడో కూడా రాయండి, సగం డబ్బు రఫ్‌కు ముందే వేయండి. సదరు కొత్తపట్నం కుర్రాడికి విడిగా ఇంకో మనవి: నాయనా, నీ మకరం బాకీ ఈ సంక్రాంతిలోగా ఫోన్‌పే చేయగలవు, నంబరు పాతదే.